కరెంటు కంపెనీల మధ్య పోటీ వచ్చేదాకా ఆగాలా, ఇప్పుడే సోలార్ పెట్టించుకోవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. గుంటూరులో సొంత ఇల్లు, నెలకు సగటున 400 యూనిట్లు కాలుతున్నాయి. సోలార్ కంపెనీ మనిషి 5 కిలోవాట్లు పెట్టించమంటున్నారు. మీ బావగారేమో "ఫోన్లకు వచ్చినట్టే కరెంటుకూ నాలుగు కంపెనీలు వస్తాయి, రేట్లు పడిపోతాయి, అప్పుడు ఈ సోలారంతా దండగ" అంటున్నారు. మీటరు ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వినకండి. పోటీ కోసం ఆగవద్దు. 5 కిలోవాట్లూ వద్దు. మీ డాబా మీద నీడ పడకపోతే 3 కిలోవాట్లు పెట్టించుకోండి. నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుంది. నీడ పడితే మాత్రం లెక్క మారుతుంది, ఆ సంగతి కింద రాశాను.

నేను డిస్కంలో, అంటే ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే సంస్థలో, అసిస్టెంట్ ఇంజినీరుగా చేరి ఏడీఈగా (అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీరు) రిటైరైన మనిషిని. ఏడేళ్లుగా ఒక చిన్న సోలార్ సంస్థ బిగించిన పనులను తనిఖీ చేసిపెడుతున్నాను. అంటే సోలార్ అమ్ముడుపోతే నాకూ నాలుగు రూపాయలు వస్తాయి. అందుకే నా మాట మీద కాకుండా లెక్క మీద నమ్మకం పెట్టుకోండి.

ముందు బావగారి వాదన. అది పూర్తిగా గాలి మాట కాదు. ఒకే ప్రాంతంలో, ఒకే తీగల మీద, ఒకటికి మించి కంపెనీలు కరెంటు అమ్మే వీలు కల్పిస్తూ 2022 ఆగస్టులో విద్యుత్ సవరణ బిల్లును లోక్‌సభలో పెట్టారు. అది పార్లమెంటు స్థాయీ సంఘం పరిశీలనకు వెళ్లింది, ఆ లోక్‌సభతోనే కాలం చెల్లింది. 2025 అక్టోబరులో కేంద్రం దాదాపు అదే ఆలోచనతో కొత్త ముసాయిదా విడుదల చేసింది. ఇవి పత్రికల్లో వచ్చినప్పుడల్లా "కరెంటుకూ పోర్టబిలిటీ" అని శీర్షికలు పడతాయి. పోలిక అక్కడే దారి తప్పుతోంది.

ఫోను కంపెనీ మారితే టవరు మారుతుంది, సిగ్నల్ మారుతుంది. కరెంటు కంపెనీ మారితే మీ ఇంటికి వచ్చే తీగ అదే, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ అదే, వానలో ఫ్యూజు పోతే స్తంభం ఎక్కే లైన్‌మన్ కూడా ఆయనే. మారేది బిల్లు మీద పేరు, బిల్లులో ఒక భాగం. ఆ భాగంలోనైనా తగ్గించడానికి ఎంత వీలుంది? డిస్కం ఖర్చులో సింహభాగం కరెంటు కొనుగోలుదే. అందులోనూ ఎక్కువ భాగం ఏళ్ల తరబడి కుదుర్చుకున్న ఒప్పందాల్లో ఇరుక్కుని ఉంటుంది. కొత్త కంపెనీ వచ్చినా ఆ ఒప్పందాలు ఆవిరైపోవు, ఎవరో ఒకరు మోయాలి.

ఇంకో చిక్కు ఉంది. మన దగ్గర పరిశ్రమలు, దుకాణాలు అసలు ఖర్చు కంటే ఎక్కువ కడతాయి. తక్కువ వాడే ఇళ్లు తక్కువ కడతాయి. వ్యవసాయానికి ఉచితం. పోటీ వస్తే కొత్త కంపెనీలు ముందు ఎవరి తలుపు కొడతాయో ఊహించడానికి ఇంజినీరు కానక్కర్లేదు. నెలకు 60 యూనిట్లు కాల్చే ఇంటికి ఎవరూ రారు.

మన దేశంలోనే దీనికి పాత ఉదాహరణ ఉంది. ముంబై శివార్లలో టాటా పవర్‌కు, అప్పటి రిలయన్స్‌కు (ఇప్పుడది అదానీ) మధ్య ఎంచుకునే వీలు 2008లో సుప్రీంకోర్టు తీర్పు తరువాత జనానికి దక్కింది. రేటు తక్కువని లక్షల మంది మారారు. తరువాత కొన్నాళ్లకు, మారిన వాళ్ల మీద క్రాస్ సబ్సిడీ సర్‌చార్జీ (తక్కువ రేటు కట్టే వాళ్ల భారంలో వాటాగా వేసే అదనపు చార్జీ) పడింది. పాత తీగలు వాడుకున్నందుకు వీలింగ్ చార్జీ ఎలాగూ ఉంది. పోటీ వల్ల లాభమే లేదని నేననను. సేవలు మెరుగుపడతాయి, ఫోను చేస్తే ఎత్తుతారు. కానీ "రేటు సగానికి పడిపోతుంది" అన్నది జరగలేదు.

పోటీ బాగా ముదిరిన చోటు కూడా చూద్దాం. మా పిన్ని కొడుకు టెక్సస్‌లో, డల్లాస్ దగ్గర ఉంటాడు. అక్కడ 2002 నుంచి ఇళ్లకు కూడా కరెంటు కంపెనీని ఎంచుకునే హక్కు ఉంది. వాడు ఏటా ప్లాన్ ముగిసే నెలలో ఒక ఆదివారమంతా కూర్చుని, ఏ కంపెనీ ఎన్ని యూనిట్లు దాటితే ఎంత వేస్తుందో పట్టిక వేసుకుంటాడు. ఒక ఏడాది మరిచిపోతే రేటు దానంతట అదే పెరిగింది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో అక్కడి టోకు ధర యూనిట్‌కు 9 డాలర్ల గరిష్ఠానికి చేరి రోజుల తరబడి అక్కడే ఉంది. టోకు ధరకు ముడిపెట్టిన ప్లాన్ తీసుకున్న ఇళ్లకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. మీకు అక్కరకు వచ్చే సంగతి ఇంకొకటి ఉంది. అక్కడ ఇంటి సోలార్ మిగులు కరెంటును ఎంతకు కొనాలో కంపెనీ ఇష్టం. ప్లాన్ మారితే ఆ రేటూ మారుతుంది. పోటీ వచ్చాక సోలార్ మరింత లాభం అవుతుందన్న హామీ ఎక్కడా లేదు, మన నెట్ మీటరింగే (సోలార్ ఇచ్చిన యూనిట్లను మనం వాడిన యూనిట్లలోంచి తీసేసే పద్ధతి) చాలా ఉదారమైనది. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టించుకునే వాళ్లకు మిగులు మీద దక్కే విలువను బాగా కోసేశారు. అంతకు ముందే పెట్టించుకున్న వాళ్లకు పాత షరతులే కొన్నేళ్లు కొనసాగుతున్నాయి. ఆగిన వాళ్లే నష్టపోయారు.

ఇక మీ బిల్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల శ్లాబులు 2022 ఏప్రిల్ నుంచి ఇవి: మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆపైన 9.75. దీని ప్రకారం 400 యూనిట్లకు ఎనర్జీ చార్జీ, అంటే కాల్చిన యూనిట్ల ధర, ఒక్కటే సుమారు 2,548 రూపాయలు. సర్దుబాటు చార్జీలు, స్థిర చార్జీ వేరు.

సోలార్ కరెంటు మీ బిల్లును కింది నుంచి తినదు, పై నుంచి తింటుంది. అసలు కిటుకంతా అక్కడే ఉంది. మన దగ్గర ఒక కిలోవాట్ నెలకు సగటున 110 యూనిట్లు ఇస్తుందనుకోండి. మొదటి కిలోవాట్ మీ 400లో పైనున్న 110 యూనిట్లను, అంటే యూనిట్ 8.75 చొప్పున, కోసేస్తుంది. నెలకు 962 రూపాయలు ఆదా. రెండో కిలోవాట్ కొంత 8.75 శ్లాబులో, కొంత 6 రూపాయల శ్లాబులో కోస్తుంది. దాదాపు 839. మూడోది 6.00, 4.50 శ్లాబుల్లోకి దిగుతుంది. 570. ఇక్కడికి మీ బిల్లులో మిగిలింది 70 యూనిట్లు, వాటి విలువ 177 రూపాయలు.

ఇప్పుడు నాలుగో కిలోవాట్, ఐదో కిలోవాట్ ఏం కోస్తాయి చెప్పండి? ఆ 177 రూపాయలు. మిగతాదంతా మిగులు. మిగులుకు డిస్కం ఇచ్చేది మీరు కట్టే 8.75 కాదు, అది కరెంటు కొనే సగటు ధర దరిదాపుల్లో ఉంటుంది. పైగా కేంద్ర సబ్సిడీ 3 కిలోవాట్ల దగ్గరే ఆగిపోతుంది. పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయలు. 5 కిలోవాట్లు పెట్టినా అదే 78,000. అంటే చివరి రెండు కిలోవాట్లకు మీరు పూర్తి ధర కట్టి అతి తక్కువ ఆదా కొనుక్కుంటున్నారు. అమ్మే మనిషికి మాత్రం బిల్లు పెద్దదవుతుంది. రాబోయే రెండేళ్లలో ఇంకో ఏసీయో ఎలక్ట్రిక్ కారో కొనే ఉద్దేశం ఉంటే అప్పుడు 5 గురించి మాట్లాడుకోవచ్చు.

3 కిలోవాట్లకు ఈ మధ్య నేను చూసిన కొటేషన్లు 1.8 నుంచి 2.1 లక్షల మధ్య ఉన్నాయి. 1.95 అనుకుంటే, సబ్సిడీ పోను 1.17 లక్షలు. ఏడాదికి ఆదా దాదాపు 28,400. ఆ 1.17 లక్షలు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే ఏడాదికి ఎనిమిది వేలు రావడమే గొప్ప.

అదే నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటికి ఎనర్జీ చార్జీ 867 రూపాయలే. వాళ్లు 2 కిలోవాట్లు పెట్టించి మొత్తం బిల్లు పోగొట్టుకున్నా ఏడాదికి పది వేల చిల్లర ఆదా, పెట్టుబడి రావడానికి ఎనిమిదేళ్లు. అలాంటి వాళ్లు అడిగితే నేను తొందరపడవద్దనే చెబుతాను. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తున్న ఇంటికైతే అసలు వద్దు. కానీ అక్కడే ఆ పథకం వర్తించక నెలకు 300 కాల్చే వాళ్ల కథ వేరు. తెలంగాణలో 200 దాటగానే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. 300 యూనిట్లకు 1,790 పడేది, ఒక్క కిలోవాట్‌తో 190కి దిగితే 772 అవుతుంది. ఒక్క కిలోవాట్‌కే నెలకు వెయ్యి పైచిలుకు. వరంగల్‌లో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు మూడు కావాలని పట్టుబడితే నేను ఒకటితో సరిపెట్టించాను. ఇప్పటికీ పండగకు ఫోను చేస్తారు.

నీడ. డబ్బు లెక్క కంటే ముందు చూడవలసింది ఇది, జనం చివరన చూస్తారు. మన ఇళ్లలో వాస్తు ప్రకారం బరువూ ఎత్తూ నైరుతిలో ఉండాలి కదా. మెట్ల గది అక్కడే, దాని మీద నీళ్ల ట్యాంకు అక్కడే. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి నైరుతి వైపుగా దిగుతాడు. అంటే మధ్యాహ్నం తరువాత ఆ గది నీడ పోయి పోయి ఈశాన్యం మీద, అంటే మనం శుభ్రంగా ఖాళీ ఉంచిన డాబా మీద పడుతుంది. అక్కడే ప్యానెళ్లు బిగిస్తారు.

గుంటూరు అక్షాంశంలో డిసెంబరు మూడో వారంలో ఎనిమిది అడుగుల మెట్ల గది నీడ మిట్టమధ్యాహ్నం ఆరున్నర అడుగులే ఉంటుంది. మూడింటికి దాదాపు పదమూడు అడుగులకు చేరుతుంది. పైన ట్యాంకు ఉంటే ఇంకా. సర్వేకు మార్చిలో వచ్చిన కుర్రవాడికి ఇది కనిపించదు. తెనాలిలో ఒక ఇంటికి "సోలార్ సరిగా పని చేయడం లేదు" అంటే వెళ్లాను. ఆయన ఫోనులో సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) యాప్ తెరిచి చూపించారు. రోజంతా కరెంటు ఉత్పత్తి గీత కొండలా లేచి, మధ్యాహ్నం రెండుంబావుకు గొడ్డలితో నరికినట్టు కిందికి పడిపోయింది. డాబా ఎక్కి చూస్తే ఆరు ప్యానెళ్లలో ఒక్కదాని మూల మీద ట్యాంకు నీడ అరచేతి వెడల్పున ఉంది. గొలుసుకట్టుగా కలిపిన ప్యానెళ్లలో ఒకటి మందగిస్తే దాని దెబ్బ మొత్తం వరుసకూ తగలవచ్చు. ఎండ కళ్లు చెదిరేలా ఉంది, ఇన్వర్టర్ మీద అంకె మాత్రం బాగా పడిపోయింది. ఆ ట్యాంకును వాయవ్యానికి జరపమన్నాను. ఆయన భార్య ఒప్పుకోలేదు. చివరికి ప్యానెళ్ల వరుసనే జరిపారు.

సుద్దముక్క తీసుకుని, సెలవు రోజున ఉదయం తొమ్మిదికి, పన్నెండుకు, మూడుకు డాబా మీద నీడ అంచు గీసుకోండి. చలికాలంలో అయితే ఉత్తమం. ఆ మూడు గీతలకూ బయట 250 నుంచి 300 చదరపు అడుగులు దక్కితే మీకు 3 కిలోవాట్లు పడతాయి. పక్కింటి వాళ్లు పైన అంతస్తు వేసే ఆలోచనలో ఉన్నారేమో కూడా మాటల్లో కనుక్కోండి. మీరే వేసే ఆలోచనలో ఉంటే ఆగండి. విప్పి మళ్లీ బిగించే ఖర్చు ఊరికే పోతుంది.

కరెంటు పోతే సోలార్ కూడా పోతుంది. ఇది ఎవరూ ముందు చెప్పరు. నెట్ మీటరుతో ఉండే సాధారణ ఇన్వర్టర్, బయట లైను చనిపోగానే తానూ ఆగిపోవాలి, నియమం అది. మిట్టమధ్యాహ్నం, నెత్తిన 3 కిలోవాట్లు, ఇంట్లో ఫ్యాను తిరగదు. ఫోను చేసి నన్ను తిట్టిన వాళ్లు ఉన్నారు. నేను సర్వీసులో ఉండగా ఒక కళ్యాణ మండపం జనరేటరు, మార్పిడి స్విచ్ లేకుండా లైనులోకి కరెంటు తోసింది. లైను ఆపేసి ఉందన్న ధైర్యంతో మా లైన్‌మన్ తీగ పట్టుకున్నాడు. బతికాడు, కుడి చేతి రెండు వేళ్లు పోయాయి. కాబట్టి ఆ నియమం గురించి నా దగ్గర బేరం లేదు. మీ ఇంట్లో పాత ఇన్వర్టరు, బ్యాటరీ ఉంటే ఫ్యాన్లకూ లైట్లకూ దాన్నే ఉంచుకోండి. బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ వ్యవస్థ ఉంది గానీ, మీ ఊళ్లో రోజుకు అరగంట పోయే కరెంటు కోసం అంత ఖర్చు నేనైతే పెట్టను.

ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందన్నది ఇంకో భ్రమ. ప్యానెల్‌కు వెలుగు కావాలి, వేడి కాదు. మే నెలలో ప్యానెల్ వీపు 65 డిగ్రీలు దాటుతుంది, దాంతో ఉత్పత్తి నూటికి 14 వంతుల దాకా పడిపోతుంది. నేను చూసే ఇళ్లలో ఎక్కువ వాటికి మార్చి నెలే ఘనం. ముసురు పట్టిన ఆగస్టులో కిలోవాట్‌కు 85 యూనిట్లు రావడం కష్టమే. నేను చెప్పిన 110 ఏడాది సగటు, నెల నెలా వచ్చే జీతం కాదు.

బిగింపు గురించి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన మర్నాడు నేను నాలుగు ఇళ్లు తిరిగాను. మూడు చెక్కుచెదరలేదు. నాలుగోదాంట్లో రెండు ప్యానెళ్లు లేచి పిట్టగోడకు కొట్టుకుని పగిలాయి. అది నేను తనిఖీ చేసి సంతకం పెట్టిన పనే. నట్లు చేత్తో బిగించి వదిలేశారు, నేను కిందినుంచే చూసి సరే అన్నాను. అప్పటి నుంచి ప్రతి నట్టునూ స్పానర్ పెట్టి చూస్తున్నాను. మీరు కూడా ఎవరి ముఖం చూసీ మొహమాట పడవద్దు. ఫ్రేము వేడి జింకులో ముంచి పూత పట్టించినదై ఉండాలి, మామూలు ఇనుముకు రంగు వేసినది వద్దు. స్లాబుకు రంధ్రాలు పెడితే అదే రోజు వాటిని మూసే పూత వేయించండి. వానాకాలంలో పడకగది పైకప్పు కారితే బిల్లు ఆదా అయిందన్న తృప్తి మిగలదు. ఎర్తింగులు మూడు వేరువేరుగా ఉండాలి: ప్యానెళ్ల వైపు ఒకటి, ఇంటి కరెంటు వైపు ఒకటి, పిడుగు నివారణకు ఒకటి. మూడూ కలిపి ఒకే గొయ్యిలో దింపుతారు, చూసుకోండి.

సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లే కాదు, వాటిలో కరెంటు పుట్టించే సెల్ కూడా దేశీయంగా తయారైనదే అయి ఉండాలి. అది కొటేషన్ మీదే రాయించుకోండి. "నెలకు బిల్లు సున్నా" అని రాసిస్తే మాత్రం ఆ కాగితం పక్కన పెట్టేయండి. స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ ఎక్కడికీ పోవు. డబ్బు మొత్తం ముందే ఇవ్వవద్దు. కనీసం పదో వంతు నెట్ మీటరు తిరగడం మొదలయ్యాకే. తుడవడం పదిహేను రోజులకోసారి, తెల్లవారుజామున, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు. బోరు నీళ్లయితే తెల్లటి పొర కడుతుంది, తుడిచిన వెంటనే రబ్బరు పట్టీతో లాగేయండి.

ఇక నాన్నగారి పేరు మీదున్న మీటరు. దీన్ని మీరు చివరి వాక్యంలో రాశారు గానీ, నిజానికి అన్నిటికంటే ముందుది. పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్ల పేరుతోనే నడుస్తుంది, సబ్సిడీ పడే బ్యాంకు ఖాతా కూడా ఆ పేరుతో సరిపోలాలి. నరసరావుపేటలో ఒక కుటుంబం ప్యానెళ్లు బిగించుకున్నాక ఈ సంగతి గమనించింది. తండ్రి పోయి ఆరేళ్లు, ఖాతా ఎప్పుడో మూసేశారు. వారసత్వ ధ్రువపత్రం, అన్నదమ్ముల అంగీకారం, పేరు మార్పు అన్నీ పూర్తయ్యేసరికి ఐదు నెలలు పట్టింది. అన్ని నెలలూ ప్యానెళ్లు ఎండలో కూర్చున్నాయి, అప్పు మీద వడ్డీ నడిచింది.

కాబట్టి రేపు మీరు ఫోను చేయవలసింది సోలార్ కంపెనీకి కాదు. ఇంటి పన్ను రసీదు, నాన్నగారి కాగితాలు తీసుకుని మీ ప్రాంతపు కరెంటు సెక్షన్ ఆఫీసుకు వెళ్లి పేరు మార్పు దరఖాస్తు ఇవ్వండి. అది నడుస్తుండగా నీడ గీతలు గీసుకోండి. గీతల ఫొటో, పన్నెండు నెలల బిల్లుల యూనిట్లు ఇక్కడే పెడితే, 3 పెట్టించాలో 2తో సరిపెట్టుకోవాలో కచ్చితంగా చెబుతాను.